ఇంట్లో ఆడించుకున్న ఆపరేటింగ్ సిస్టమ్

పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఇంట్లో కారం అయిపోతే అంగడి నుంచి పొట్లం తెప్పించి కూరలో వేశాను. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్న మా మామగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం ఆపేశారు. కోడలిని నేరుగా ఏమీ అనని మర్యాద ఆయనది. అందుకని తన కొడుకు వైపు తిరిగి, "ఎవురిదప్పా ఈ కారం?" అని అడిగారు. ఇంట్లోకి దొంగ ఎట్లా దూరాడని అడిగే గొంతు అది.

వాళ్ళది బనగానపల్లె దగ్గర పల్లె. తిండి సరుకు కొనుక్కోవడమంటే ఆ ఇంట్లో చేతకానితనం కింద లెక్క. కందిపప్పు సొంత చేనిది. నూనె సొంత శెనక్కాయలు గానుగ పట్టించినది. మామిడికాయల సంగతి చెప్పనే అక్కర్లేదు. మిరపకాయలు మాత్రం వాళ్ళ పొలంలో పండవు కాబట్టి, తెలిసిన రైతు దగ్గర తెచ్చి, మిద్దె మీద ఎండబెట్టి, తొడిమలు ఇంట్లో ఆడవాళ్ళతో తీయించి, మిల్లుకు పట్టుకుపోతారు. అక్కడ ఇంకో తంతు ఉంది. మనకంటే ముందు ఆడించుకున్నవాళ్ళ కారం మిల్లులో కొంత మిగిలి ఉంటుంది కదా, అది మనదాంట్లో కలవకూడదు. అందుకని మొదట ఒక గుప్పెడు మన కాయలు వేయించి, వచ్చిన పొడిని పారబోసి, ఆ తర్వాతే మూట విప్పుతారు. అంతా అయ్యేదాకా ఇంటి మగవాడొకడు అక్కడ కాపలా ఉండి తీరాలి. మా మామగారి కాపలా నేను కళ్ళారా చూశాను. మిల్లుకు వీపు పెట్టి పక్కవాడితో ఎన్నికల గురించి మాట్లాడతారు. ఇంటికొచ్చి మాత్రం "కండ్ల ముందర ఆడించుకొచ్చినా" అంటారు.

మా ఆయన ఆయన కొడుకే. కర్నూల్లో ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాడు. కారం, నూనె లాంటివి తండ్రి ఖాతాలో ఉన్నాయి కాబట్టి తనకంటూ ఏదో ఒకటి కావాలి. అది నా మీదికి వచ్చింది.

నాది ప్రొద్దుటూరు. ఎమ్మెస్సీ లెక్కలు చదివి, ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని. మా అత్తగారు మంచం పట్టినప్పుడు ఉద్యోగం మానేశాను. ఆమె పోయారు. మామగారు పల్లె వదిలి మాతో ఉండటానికి వచ్చారు. నువ్వు మళ్ళీ ఎప్పుడు పనికి పోతావని ఆ తర్వాత ఎవరూ అడగలేదు. నేనే వెతుక్కుని, ఆన్‌లైన్‌లో ట్యూషన్లు చెప్పించే ఒక కంపెనీకి రాసుకున్నాను. వాళ్ళు నెల తర్వాత వచ్చే ఒక శుక్రవారం పొద్దున తొమ్మిదో తరగతి లెక్కల్లో డెమో క్లాసు చెప్పమన్నారు. కంప్యూటర్, కెమెరా, శబ్దం లేని గది ఉండాలన్నారు. ఆ శుక్రవారం నాకు ఎంత ముఖ్యమో ఇప్పుడు చెప్పినా తక్కువే. ఆ ఉద్యోగం రాకపోతే ఇంకెప్పటికీ వంటింట్లోంచి బయటపడలేనని నాకు గట్టి భయం పట్టుకుంది.

ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటర్, పాతది. దాన్ని ఆన్ చేసి, టీ పెట్టుకుని, వడగట్టుకుని వచ్చినా ఇంకా కళ్ళు తెరుస్తూ ఉండేది. కొత్తది కొందామని అడిగాను. మా తమ్ముడు అప్పటికే ఒక చిన్న కెమెరా తెచ్చిచ్చి ఉన్నాడు. దాన్ని మానిటర్ మీద తగిలించి, దుమ్ము పడకుండా చేతి గుడ్డ కప్పి పెట్టుకున్నాను.

"కొత్తది ఏమిటికి? మిషన్ బాగనే ఉండాది. దాంట్లో ఉండే సిస్టమే బరువు. నేను సోర్సు తెచ్చి మన మిషన్‌కు తగినట్ల కంపైల్ చేస్తా. నీ క్లాసు నీళ్ళ మాదిరి పోతాది" అన్నాడు మా ఆయన.

అది నా కోసం మొదలుపెట్టిన పనే. ఈ మాట నేను కాదనను. తర్వాత జరిగినదానికి ఒళ్ళు మండినప్పుడల్లా ఆ మాటే అడ్డం వచ్చి, సగం తిట్టు నోట్లోనే ఉండిపోయేది.

సోర్సు అంటే ఏమిటో, కంపైల్ అంటే ఏమిటో వాళ్ళ నాయనకు అర్థమయ్యేలా చెప్పాడు. బయట సిద్ధంగా దొరికే సిస్టమ్ పొట్లం కారం. సోర్సు అంటే మిరపకాయలు. మనుషులు చదవగలిగే అక్షరాల్లో ఎవరెవరో రాసిపెట్టిన ఆ సోర్సును, యంత్రానికి మింగుడుపడేలా మార్చడమే కంపైల్ చేయడం. పొట్లంలో అందరికీ పనికొచ్చేవన్నీ కలిపేసి ఉంటాయి. మనమే చేసుకుంటే మనకు కావలసినవే వేసుకోవచ్చు. అదీగాక లోపల ఏముందో మనకు తెలుస్తుంది. మామగారి ముఖం వెలిగిపోయింది. తన కొడుకు చదువు ఎందుకు పనికొస్తుందో ఆయనకు మొదటిసారి తెలిసినట్టుంది.

మొదటి రోజే మా ఆయన పాత సిస్టమ్‌ను తుడిచేశాడు. నెమ్మదిగానైనా నడుస్తున్నది అది ఒక్కటే. కొత్తది వచ్చేదాకా ఉంచుకోవచ్చు కదా అంటే, వెనక్కి పోయే దారి ఉంటే ముందుకు పోబుద్ధి కాదన్నాడు. యుద్ధానికి బయలుదేరినవాళ్ళు అనాల్సిన మాట అది. మేము బయలుదేరింది తొమ్మిదో తరగతి బీజగణితానికి.

తర్వాత తెలిసిందేమిటంటే, ముందు కంపైల్ చేయాల్సింది సిస్టమ్‌ను కాదట. సిస్టమ్‌ను కంపైల్ చేసే పనిముట్టును కంపైల్ చేయాలట. దాన్ని చేయడానికి ఇంకో పనిముట్టు కావాలి. ఆ మొట్టమొదటిది మాత్రం ఎవరో తయారుచేసి పెట్టిందే తెచ్చుకోక తప్పదని చాలా చిన్న గొంతుతో ఒప్పుకున్నాడు. అయితే దాంతో ఒకటి చేసి, ఆ చేసినదాంతో మళ్ళీ ఇంకోటి చేసి, ముందువాటిని పారేస్తే పరాయి వాసన పోతుందన్నాడు. ఇది నాకంటే ముందు మామగారికి అర్థమైంది. గుప్పెడు కాయలు వేసి పారబోయడమే కదా అన్నారు.

ఆ రోజు నుంచి ఆయన కూడా డ్యూటీలో చేరారు. కొడుకు కాలేజీకి పోగానే తువ్వాలు భుజాన వేసుకుని, కుర్చీ లాక్కుని, తెర ముందు కూర్చునేవారు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు పైకి పరుగెడుతుంటే గుడ్లప్పగించి చూసేవారు. కాసేపటికి కునుకు తీసేవారు. సాయంత్రం కొడుకు గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే "ఇంగా ఆడతానే ఉండాది" అని నివేదిక ఇచ్చేవారు.

అది ఎండాకాలం. కర్నూల్లో ఎండాకాలం ఎట్లా ఉంటుందో కర్నూలువాళ్ళకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకు చెప్పినా అర్థం కాదు. గంటల తరబడి ఊపిరాడకుండా పనిచేస్తున్న కంప్యూటర్ పొయ్యిలా వేడెక్కేది. కాబట్టి ఇంట్లో ఉన్న ఒక్క కూలర్‌ను దాని వైపు తిప్పారు. అది చల్లగా ఉండాలి. మనం ఎట్లాగో ఉంటాం. వంటింట్లో నేను మిక్సీ వేస్తే వోల్టేజీ పడిపోయి కంప్యూటర్ ఆగిపోయేది. ఆగితే అప్పటిదాకా నూరిందంతా గంగపాలు. కాబట్టి మిక్సీ బంద్. ఊరిబిండి పచ్చడి రోట్లో నూరాను. రోట్లో నూరిన ఊరిబిండి రుచే వేరని మామగారు రెండోసారి కూడా వేయించుకున్నారు. రుచి ఆయనది, రెక్కలు నావి. కరెంటు పోతే ఇన్వర్టర్ కంప్యూటర్‌కు చాలాలని ఫ్రిజ్ ఆపేశారు. పాలు విరిగాయి. విరిగిన పాలతో కోవా చేయొచ్చు కదా అని మా ఆయన సలహా ఇచ్చాడు. ఆ మనిషిని అప్పుడు నేను ఏమీ అనలేదు. నా ఓపికకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, లోపల ఏముందో తెలియాలంటున్నావు కదా, ఆ సోర్సంతా చదివావా అని. చదవడం కాదు ముఖ్యం, కావాలంటే ఎవరైనా చదవొచ్చు, అదీ ముఖ్యం అన్నాడు. ఎవరైనా చదివారా అంటే, చదివే ఉంటారన్నాడు. మిల్లుకు వీపు పెట్టి నిలబడ్డ మామగారు నా కళ్ళ ముందు కదిలారు.

ఇంకో సంగతి. పని ముక్కాలు మువ్వీసం అయ్యేసరికి ఆ సోర్సుకు ఇంకో కొత్త వెర్షన్ వచ్చింది. ఎక్కడో దేశాల్లో కూర్చున్నవాళ్ళకు మా ఇంట్లో మిక్సీ బంద్ అయిందని తెలియదు కదా, వాళ్ళు మానకుండా రాస్తూనే ఉన్నారు. మా ఆయన ఒక పూటంతా గడ్డం గోక్కుంటూ కూర్చుని, చివరికి కొత్తదానితో కొన్ని భాగాలు మళ్ళీ మొదలుపెట్టాడు.

లెక్కలు చదివిన పాపానికి నేనూ ఒక లెక్క వేశాను. ఇంత చేస్తే రోజూ ఆన్ చేసినప్పుడు మిగిలేది ఆ టీ పెట్టుకునే సమయం. దానికోసం పోయినవి వారాలు. ఆ వారాలు తిరిగి రాబట్టుకోవాలంటే, మా ఆయన రిటైరయ్యాక కూడా చాలా ఏళ్ళు ఆ కంప్యూటర్ బతికుండాలి. అదేమో అప్పటికే దగ్గుతోంది. ఈ లెక్క ఆయనకు చూపిస్తే, అన్నీ టైముతో కొలవకూడదన్నాడు. మరి దేంతో కొలవాలో చెప్పలేదు. అయితే ఒక్కొక్క భాగం తప్పు లేకుండా పూర్తయినప్పుడు ఆయన ముఖంలో కనిపించే సంతోషం మాత్రం అబద్ధం కాదు. కాలేజీలో పాడైపోయిన కీబోర్డులు మార్చి మార్చి విసిగిపోయిన మనిషి, తన చేత్తో ఒకటి తయారు చేసుకుంటున్నాడు. నాకు ఆ సంతోషం తెలుసు. బోర్డు మీద లెక్క తేలినప్పుడు పిల్లల ముఖాల్లో చూసేదాన్ని. నాకు మళ్ళీ కావలసింది అదే కాబట్టి ఆయన మీద కోపం ఇంకా ఎక్కువైంది.

ఇక ప్రశ్నల ఘట్టం. సిస్టమ్‌కు గుండెకాయలాంటి భాగం ఒకటుందట. దాన్ని కంపైల్ చేసేముందు అది ఇంటి గురించి ఆరా తీస్తుంది. ప్రింటర్ ఉందా, జాయ్‌స్టిక్ అనే ఆటలాడే కర్ర ఉందా, ఈ రకం డిస్కు ఉందా, ఆ రకం తీగ ఉందా అని ఒక్కొక్కటే అడుగుతుంది. కావాలంటే కావాలని, వద్దంటే వద్దని చెప్పాలి. ఎన్ని వద్దంటే అంత తేలిక. పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు ఎవరూ వేయరు. ఒక ఆదివారం పొద్దున తండ్రీ కొడుకులు హాల్లో పంచాయితీ పెట్టినట్టు కూర్చున్నారు. కొడుకు ప్రశ్న చదివి తెలుగులో చెబుతాడు. తండ్రి తీర్పు ఇస్తారు. ఆయన తీర్పుకు కొలత ఒకటే, మనింట్లో దాన్ని ఎవరు వాడతారు అని. రేడియో అనగానే కావాలన్నారు, పొద్దున్నే వ్యవసాయం కార్యక్రమం వింటారు కాబట్టి. ఇది ఆ రేడియో కాదు నాయనా అని కొడుకు చెప్పబోతే, ఏ రేడియో అయినా ఉండనీలే అన్నారు. సెలవులకు వచ్చే తన కూతురి కొడుకు కోసం ఆటల కర్రకు కూడా అనుమతి దొరికింది.

నేను వంటింట్లో వాళ్ళిద్దరికీ జొన్నరొట్టెలు తడుతున్నాను. చప్పుడులో కొన్ని వినబడ్డాయి, కొన్ని వినబడలేదు. రొట్టెకూ రొట్టెకూ మధ్య విన్నంత మేరకు నాకు నవ్వు కూడా వచ్చింది.

గురువారం సాయంత్రానికి అంతా పూర్తయింది. బ్రౌజర్ ఒక్కటే ఒక పగలూ రాత్రీ తిన్నది. మామగారు టెంకాయ కొట్టారు. బటన్ నొక్కితే, నిజంగానే, నేను తడి చెయ్యి తుడుచుకునేలోపు తెర సిద్ధంగా ఉంది. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా వణకలేదు. నాకు కూడా ముచ్చటేసింది. రేపటి క్లాసుకు ఒకసారి సరిచూసుకుందామంటే, అప్పుడే కరెంటు పోయి చాలాసేపు రాలేదు, ఇన్వర్టర్ కూడా చేతులెత్తేసింది. మా ఆయన, చూసేదేముంది, అంతా నా చేత్తో చేసిందే కదా అన్నాడు.

శుక్రవారం పొద్దున ఉతికి ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని, జడ వేసుకుని, కంప్యూటర్ ముందు కూర్చున్నాను. కెమెరా మీది చేతి గుడ్డ తీశాను. కంపెనీవాళ్ళు పంపిన లింకు నొక్కాను. కెమెరా దొరకలేదని వచ్చింది. తీగ పీకి మళ్ళీ పెట్టాను. దొరకలేదు. మా ఆయనను పిలిచాను. ఏవో ఆజ్ఞలు కొట్టాడు. కొడుతూ కొడుతూ వేళ్ళు నెమ్మదించాయి. 

"అది మనం పెట్టలేదు" అన్నాడు చివరికి.

ఎవరు వద్దన్నారని అడిగాను. ఆయన తండ్రి వైపు చూశాడు. తండ్రి ఫ్యాను వైపు చూశారు. తర్వాత మామగారే, ఇంట్లో ఉండేవాళ్ళం ఎదురెదురుగా కనపడతానే ఉంటిమి కదమ్మా, కెమెరా ఏమిటికి అనుకుంటిమి అన్నారు. ఆ ఆదివారం పంచాయితీలో వద్దన్నప్పుడు కూడా ఆ కెమెరా వాళ్ళ కళ్ళ ముందే, మానిటర్ మీద గుడ్డ కప్పుకుని కూర్చుని ఉండాలి.

"నన్ను అడగల్ల కదా" అన్నాను.

"నువ్వు రొట్టెలు చేస్తాంటివి" అన్నాడు మా ఆయన.

నేను చాలా మాటలు పడ్డాను గానీ అంత నిజమైన మాట ఎప్పుడూ పడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కిందికి జారితే కాటుక పోతుంది, కాటుక పోతే డెమో పోతుంది అని ఆపుకున్నాను. మళ్ళీ కంపైల్ చేస్తే వచ్చేస్తుంది, ఆ భాగం ఒక్కటే, సాయంత్రానికల్లా, మహా అయితే బ్రౌజర్ కూడా ఇంకోసారి, అని ఆయన వెనక నుంచి చెబుతూనే ఉన్నాడు. క్లాసుకు ఇంకా కొన్ని నిమిషాలే ఉన్నాయి.

ఫోను తీసుకుని వంటింట్లోకి పోయి తలుపు వేసుకున్నాను. అలమారలో డబ్బాలు పెట్టుకునే నల్ల కడప బండలు ఉన్నాయి. వాటిలో కంటి ఎత్తున ఉన్న అరలో, వెనక గోడకు కూడా ఒక బండే నిలబెట్టి ఉంది. ఆ అరలో డబ్బాలన్నీ కిందికి దించి, తడి గుడ్డతో తుడిచాను. స్కూలు మానేసినప్పుడు తెచ్చుకున్న సుద్దముక్కలు ఇంకా ఉన్నాయి. ఫోనును ఎదురుగా గట్టు మీద బియ్యం డబ్బాకు ఆనించి నిలబెట్టి, లింకు నొక్కాను. నా ముఖం కనిపించింది. అవతల ఒక పెద్దాయన, ఒక చిన్నావిడ. ఫోను నుంచి ఎందుకని పెద్దాయన అడిగితే, కంప్యూటర్ పనిచేయలేదని మాత్రం చెప్పాను.

మొదటి రెండు వాక్యాలు వణికాయి. ఆ తర్వాత బండ మీద ఒక ఎక్స్ రాశాను. ఇది ఎవరో మనకు తెలియదు, తెలియకపోయినా పరవాలేదు, ముందు దీనికి చోటు ఇద్దాం, ఎవరో తర్వాత తేలుతుంది అన్నాను. ఎప్పుడూ స్కూల్లో అట్లాగే మొదలుపెట్టేదాన్ని. నోరు దానంతటదే తిరిగింది. అంతకుముందు మానేసిన సంవత్సరాలు ఏమయ్యాయో నాకు తెలియదు. పాఠం అయ్యేసరికి చీర అంచు నిండా సుద్ద.

చిన్నావిడ ఏదో రాసుకుంది. పెద్దాయన గొంతు సవరించుకుని, పాఠం బాగుందన్నాడు. ఒక్కటే అడుగుతాను, ఈ పని చేసుకోవడానికి ఇంట్లో మీకంటూ ఒక కంప్యూటర్, ఒక చోటు ఉన్నాయా మేడమ్ అన్నాడు.

ఆ ఉద్యోగం కోసం ఎన్ని అబద్ధాలైనా చెప్పడానికి సిద్ధపడి కూర్చున్నదాన్ని. తలుపు అవతల, ఇంటిల్లిపాది అవసరాలకు సరిగ్గా కొలిచి కుట్టిన సిస్టమ్ చల్లగా నడుస్తోంది. అబద్ధం నోట్లోకి రాలేదు.

"లేవు సార్" అన్నాను.

గట్టిగానే అన్నట్టున్నాను. హాల్లో కుర్చీ కదిలిన చప్పుడయింది.

వారం తిరక్కుండా వాళ్ళు నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నారు, సొంత కంప్యూటర్ ఏర్పాటు చేసుకోవాలనే షరతు మీద. నేను ఎవరికీ చెప్పకుండా బజారుకు పోయి, కౌంటర్ మీద ఉన్నవాటిలో ఒక ల్యాప్‌టాప్ కొనుక్కుని, అట్టపెట్టెతో సహా ఇంటికి తెచ్చాను. అచ్చం పొట్లం కారమే. మా ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. దాంట్లో మనకు అక్కర్లేని చెత్త ఎంత నింపి ఉంటారో తెలుసా అన్నాడు. వేలకొద్దీ ప్రింటర్లు, ఏ దేశాలవో భాషలు, ఎవరూ ఆడని ఆటలు, అంతా బరువే, లోపల ఎవరు ఏం పెట్టారో దేవుడికి కూడా తెలియదు అన్నాడు. ఆయన అన్నదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. అది నెమ్మదే. తెరుచుకునేలోపు మళ్ళీ టీ పెట్టుకుంటున్నాను.

కానీ మూత తీసి మీట నొక్కిన మొదటిసారే అందులో నా ముఖం కనిపించింది. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు, ఎక్కడో కూర్చుని దాన్ని తయారు చేస్తూ, ఎవరికో ఒకరికి కెమెరా అవసరం పడుతుందేమో అనుకుని ముందే పెట్టి ఉంచారు. నా చేతి రొట్టెలు తిన్నవాళ్ళకు ఆ అనుమానం రాలేదు.